ఇల్లుబండిలో అగ్నిశిలల సీమకు

అగ్నిపర్వతము అనగానే మనలో అనేకులకు ఇటలీలోని వెసూవియసో, జపానులోని ఫ్యూజీయో జ్ఞప్తికి వచ్చును. మన దేశమున నేడును అప్పుడప్పుడు నిప్పులు గ్రక్కుచున్న అగ్నిపర్వతము ఒక్కటే; అదియు అండమాను సముద్రములోని బారెన్ దీవి. తెలుగునేలపై అట్టిది లేదు. ఐనను అగ్నిపర్వతములు వెడలగ్రక్కిన శిల మాత్రము తెలుగువారికి క్రొత్త కాదు. ఆదిలాబాదు ప్రాంతపు నల్లరాతి పీఠభూములును, రాజమహేంద్రవరము దాపున కాటేరు, పంగిడి గుట్టలును సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట ద్రవరూపమున పారిన శిలలే. వానికంటె ఎన్నో రెట్లు ప్రాచీనమైన అగ్నిశిలలు రాయలసీమలో కలవు. వానితోపాటు, వేల కిలోమీటర్ల దూరమునుండి గాలిలో కొట్టుకొనివచ్చి కురిసిన బూడిదయు ఆ సీమయందే కలదు. నీటికరవునకు పేరుపడిన ఆ నేల నిప్పునకును సంబంధించినదని చెప్పిన వెంటనే నమ్మువారు తక్కువ.

న్యూజీలాండు, ఐసులాండు, అమెరికా పశ్చిమరాష్ట్రములు మొదలగు చోట్ల జనులు ఇల్లువంటి మోటారుబండ్లలో కుటుంబములతో బయలుదేరి, అగ్నిపర్వతభూములను, నడుమనున్న చిన్న ఊళ్లను వారముల తరబడి చూచుచు తిరుగుట ఒక వేడుక. బండిలోనే పడక, బండిలోనే పొయ్యి, బండిలోనే నీటితొట్టి. అట్టి ప్రయాణమును మన సీమలో చేయవచ్చునా, చేసినచో చూడదగినదేమి, తెలిసికొనదగినదేమి అను ప్రశ్నలకు సమాధానముగా ఈ ప్రసంగమును సిద్ధపరచితిమి. అహోబిలమున ఆరంభించి, బనగానపల్లె, జ్వాలాపురము, బెలుము, తాడిపత్రి, గండికోట, పులివెందుల, వేంపల్లెల మీదుగా కడప చేరి, అటనుండి మంగంపేట దాకా పోవు త్రోవ ఇందులకు మిక్కిలి అనుకూలమైనది.

ఇంటిని వెంటబెట్టుకొని తిరుగుట మనకు పరదేశపు అలవాటని అనుకొనరాదు. ఒకనాడు తిరునాళ్లకు పోవు రైతుకుటుంబములు గూడుబండిలో జొన్నపిండి, ఎండుకట్టెలు, నీళ్లకుండ పెట్టుకొని బయలుదేరెడివి. చీకటిపడిన చోట ఎడ్లను విప్పి, మూడు రాళ్లు పెట్టి సంగటి వండుకొని, బండిక్రింద పండుకొనుచుండిరి. అంతేల? అహోబిలస్వామియే ఏటేట ఊళ్లు తిరుగును. సంక్రాంతి మరునాడు కనుమనాడు జ్వాలానరసింహస్వామియు ప్రహ్లాదవరదస్వామియు పల్లకినెక్కి పారువేటకు బయలుదేరి, నలువది దినములకు పైగా ముప్పదికి మించిన పల్లెలలో విడిది చేయుచు, రానున్న బ్రహ్మోత్సవములకు జనులను పిలిచివత్తురు. దేవుడు తన పెండ్లికి తానే పిలుపులకు వచ్చినాడని ఆ పల్లెలవారు సంబరపడుదురు. చిన్న ఊళ్లను చూచుటకు ఇంతకన్న మంచి మార్గదర్శి ఎవరు?

అహోబిలపు శిల నిప్పుదా?

దిగువ అహోబిలము ఆళ్లగడ్డకు సుమారు 25 కిలోమీటర్ల దూరమున నల్లమల పాదమున నున్నది. ఎగువ అహోబిలము అటనుండి 8 కిలోమీటర్లు. శ్రీకృష్ణదేవరాయలు కళింగదండయాత్రాకాలమున, 1515 ప్రాంతమున, ఈ క్షేత్రమును సేవించినట్లు శాసనము తెలుపుచున్నది. నవనారసింహుల గుళ్లలో జ్వాలానరసింహునిది కొండ నిట్టనిలువుగా తెగిన చోట నున్నది. ఆ గుడికి పోవు దారిలో భవనాశిని పాయలు రాళ్లమీదినుండి దూకుచుండును. పైన ఉగ్రస్తంభము ఆకాశమును చీల్చుచున్నట్లు నిలిచియుండును. స్వామి చీల్చుకొని వచ్చిన కంబమదియేయని భక్తుల విశ్వాసము.

ఎఱ్ఱగా, కణకణలాడునట్లున్న ఆ శిలలను చూచి, జ్వాల అను పేరును విని, ఇది చల్లారిన అగ్నిపర్వతమేమో యని యాత్రికులు కొందరు అనుకొందురు. శాస్త్రము అట్లు చెప్పుట లేదు. అహోబిలపు కొండలు ప్రధానముగా స్ఫటికశిలలు. ఏనాటిదో యొక సముద్రపు అంచున పరచుకొన్న ఇసుక పొరలుపొరలుగా పేరుకొని, పైబరువునకు అదిమిపడి, గట్టిపడి రాయియైనది. పిమ్మట భూమి ప్రక్కలనుండి నొక్కబడగా ఆ పొరలు మడతలు పడినవి. మడతపడిన శిల నిలువుగా పగులును. పగులులో వాననీరు దిగి, రాయి ఊడి రాలును. మిగిలినది కంబమువలె నిలుచును. ఎఱ్ఱదనము ఇనుపత్రుప్పు వలన కలిగినది. కొండగోడవద్ద బండి నిలిపి చూచినచో అలలు తాకిన ఇసుకపై ఏర్పడు ముడుతలవంటి గుర్తులు బండలమీద నేటికిని అక్కడక్కడ కనబడును. జ్వాలానరసింహుని సన్నిధిలో మనము చూచుచున్నది నిప్పు కాదు, సముద్రతీరము.

ఇంటిబండివారికి ఇచట ఒక మాట. దిగువ అహోబిలముననే పెద్దబండిని నిలుపుట మేలు. ఎగువకు పోవు మలుపుల దారిలో ఎత్తైన బండి చెట్లకొమ్మలకు తగులును. ఉత్సవదినములలో దారి ఇరుకగును. అడవి పులుల సంరక్షణప్రాంతము గనుక అటవీశాఖవారి నిబంధనలను తెలిసికొని, చీకటి పడకముందే దిగువకు చేరవలెను.

నల్లరేగడిలో నడుమ మజిలీ

ఆళ్లగడ్డలో దారిప్రక్కన శిల్పుల పాకలు వరుసగా నుండును. ఉలిచప్పుడు వినుచు కొంతసేపు నిలువవచ్చును. అటనుండి పడమరగా కుందూనది లోయలో నల్లరేగడి భూములు పరచుకొనియున్నవి. రేగడి యంతయు అగ్నిపర్వతశిల చివికి ఏర్పడినదేయని పాఠశాలలో చదువుకొన్నవారు ఇక్కడ జాగ్రత్తపడవలెను. మహారాష్ట్రపు రేగడి అట్టిదే; కుందూలోయ రేగడి మాత్రము క్రిందనున్న సున్నపురాయి, పలకరాయి చివికి ఏర్పడినది. రంగు ఒక్కటియైనంత మాత్రమున పుట్టుక ఒక్కటి కాదు.

కోవెలకుంట్ల ఈ లోయలోని చిన్న ఊరు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కుంఫిణీ ప్రభుత్వము 1847 ఫిబ్రవరి 22న ఉరితీసినది ఇక్కడనే. ఆయనపై కట్టిన పదములు ఈ పల్లెలలో తరతరములుగా పాడబడుచున్నవి. ఇక్కడ బండి దిగి ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిని, నీటితొట్టి నింపుకొని ముందునకు సాగవచ్చును.

బనగానపల్లె: మామిడి, వజ్రము

బనగానపల్లె 1948 దాకా నవాబుల యేలుబడిలోని చిన్న సంస్థానము. ఆ సంవత్సరమున మద్రాసు రాష్ట్రమున విలీనమైనది. నేడు నంద్యాల జిల్లాలోనిది. ఊరిపేరు దేశమంతట మామిడిపండు వలన తెలిసినది. అంతకుముందు వజ్రముల వలన తెలిసియుండెను. ఇక్కడి గులకరాళ్ల శిలాస్తరమునుండి వెనుకటి కాలమున గుంతలు త్రవ్వి వజ్రములు తీసెడివారు.

వజ్రమునకును అగ్నిపర్వతమునకును దగ్గర బంధుత్వము కలదు. భూమిలో నూట ఏబది కిలోమీటర్లకు పైబడిన లోతున, భరింపరాని ఒత్తిడిలో అంగారము వజ్రమగును. అంత లోతునుండి శిలాద్రవము సన్నని గొట్టమువంటి మార్గమున వేగముగా పైకి చిమ్ముకొని వచ్చునప్పుడు వజ్రములను వెంట తెచ్చును. అట్టి గొట్టములు అనంతపురము జిల్లా వజ్రకరూరువద్ద కలవు. వాని వయస్సు సుమారు 110 కోట్ల సంవత్సరములు. గొట్టపు నోరు కాలక్రమమున అరిగిపోగా, వానలకు, వాగులకు వజ్రములు దూరముగా కొట్టుకొనిపోయి, గులకరాళ్లలో చిక్కుకొనును. అందువలననే తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు పొలములలో పిల్లలు పెద్దలు తలలు వంచుకొని మెరయు రాయికై వెదకుచుందురు. ఇల్లు విడిచి, చెట్టుక్రింద వండుకొని, దినములకొలది వెదకువారును కలరు. దొరకినవారి కథ పత్రికల కెక్కును; దొరకనివారు చేతిలోని కూలిదినములను పోగొట్టుకొని ఇంటికి పోవుదురు.

బనగానపల్లెకు ఉత్తరముగా బేతంచర్ల దాపున బిల్లసర్గము గుహలు కలవు. న్యూబోల్డు అను సేనాధికారి 1844లో వానిని గూర్చి వ్రాసెను. రాబర్టు బ్రూసు ఫూటు 1883 మొదలు 1885 దాకా తన కుమారుని సాయమున వానిని త్రవ్వించి, ప్రాచీన జంతువుల యెముకలను బయటికి తీయించెను. దక్షిణభారతపు ఆదిమచరిత్రకు తొలిపుటలు వ్రాసినవాడాతడే.

జ్వాలాపురపు తెల్లమన్ను

ఇక ఈ ప్రయాణమునకు హృదయమువంటి చోటికి వచ్చితిమి. బనగానపల్లె దాపున జుర్రేరు లోయలో జ్వాలాపురమను పల్లె కలదు. చుట్టును బల్లపరుపు గుట్టలు, నడుమ జొన్నచేలు. చేలప్రక్కన అక్కడక్కడ నేల త్రవ్విన గుంతలు. ఆ గుంతల అంచున ఎఱ్ఱమన్నునకును ఎఱ్ఱమన్నునకును నడుమ తెల్లని పొర యొకటి గోడకు సున్నము కొట్టినట్లు కనబడును. చేతితో ముట్టినచో పిండివలె మెత్తగా రాలును. రెండు వ్రేళ్ల నడుమ రుద్దినచో మాత్రము సన్నగా గరుకు తెలియును.

అది మన్ను కాదు, బూడిద. సుమారు 74,000 సంవత్సరముల క్రిందట సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతము బ్రద్దలైనప్పుడు లేచినది. టోబా యెక్కడ, జుర్రేరు ఎక్కడ? నడుమ బంగాళాఖాతము, దూరము సుమారు 2,600 కిలోమీటర్లు. గడచిన ఇరువది లక్షల సంవత్సరములలో భూమిమీద అంతటి విస్ఫోటము మరియొకటి లేదు. అప్పుడు వెలువడిన శిలాద్రవము 2,800 ఘనకిలోమీటర్లని శాస్త్రజ్ఞులు అంచనా కట్టిరి. బ్రద్దలైన చోట నేల క్రుంగి గుంత ఏర్పడినది. అందు నీరు నిండి 100 కిలోమీటర్ల పొడవు, 30 కిలోమీటర్ల వెడల్పుగల సరస్సైనది. టోబా సరస్సు నేటికిని యాత్రాస్థలము.

ఆ బూడిద ఎట్లు ఏర్పడునో తెలిసికొన్నచో దాని గరుకునకు కారణము తెలియును. పొయ్యిలోని బూడిద కట్టె కాలగా మిగిలినది. అగ్నిపర్వతపు బూడిద అట్టిది కాదు. శిలాద్రవములో ఆవిరి బుడగలు నిండియుండును. పైకి వచ్చునప్పుడు ఒత్తిడి తగ్గి బుడగలన్నియు ఒక్కసారిగా ఉబ్బి పగులును. బుడగల నడుమనున్న పలుచని గోడలు గాలిలో ఆ క్షణముననే గడ్డకట్టి గాజుపెంకులగును. సూక్ష్మదర్శినిలో చూచినచో జ్వాలాపురపు తెల్లమన్ను వంగిన, వాడియైన గాజుపెంకుల రాశివలె కనబడును. ఇంత సన్ననివి గనుకనే గాలిలో తేలి సముద్రము దాటినవి.

జుర్రేరు లోయలో ఆకాశమునుండి నేరుగా పడిన పొర కొలది అంగుళముల మందమే. తరువాత చుట్టునున్న గుట్టలమీది బూడిదను వానలు కడిగి పల్లమునకు చేర్చినవి. అందువలన ఒక త్రవ్వకమున తెల్లపొర రెండున్నర మీటర్లకు మించినది. సోన్ నది లోయ మొదలుగా మన దేశమున ఇతరచోట్లను టోబా బూడిద దొరకినది గాని, ఇంత చక్కగా, క్రింద పైన మానవుల జాడలతో కూడి నిలిచిన చోట్లు అరుదు.

బూడిదకు క్రింద ఒకరు, పైన ఒకరు

జ్వాలాపురము ప్రపంచ విద్వాంసుల దృష్టికి వచ్చుటకు ఆ మానవుల జాడలే కారణము. 1815లో టాంబోరా అగ్నిపర్వతము పేలగా, మరుసటి యేడు ఐరోపా, అమెరికాలలో వేసవియే రాలేదు. పంటలు చెడి జనులు కరవున పడిరి. టోబా అంతకన్న ఎన్నో రెట్లు పెద్దది. ఆకాశము పొగతో కప్పబడి, సంవత్సరముల తరబడి చలి పట్టి, మానవజాతి దాదాపు నశించి కొలదిమంది మాత్రమే మిగిలిరని యొక సిద్ధాంతము పుట్టెను. అది నిజమైనచో బూడిదకు క్రింది పొరలోని మానవుల పనిముట్లకును, పైపొరలోని పనిముట్లకును సంబంధము తెగిపోయియుండవలెను.

పరిశోధకులైన మైకేల్ పెట్రాగ్లియా, ధారవాడ కర్ణాటక విశ్వవిద్యాలయపు ఆచార్యులు రవి కోరిశెట్టర్, వారి సహచరులు జ్వాలాపురమున త్రవ్వి, 2007లో సైన్స్ పత్రికలో తమ ఫలితములను ప్రకటించిరి. బూడిదకు క్రింద రాతిపనిముట్లు దొరకినవి. పైనను దొరకినవి. రెండును ఒక్క తీరున చేయబడినవే. క్రింది పొరలో అరగదీసిన గుర్తులుగల జేగురు రాయి ముక్క యొకటియు దొరకినది. బూడిద కురిసిన తరువాతను ఆ లోయలో మనుష్యులు మునుపటి పనితనమునే కొనసాగించిరని వారి నిర్ణయము. ఆ మనుష్యులు మనవంటి ఆధునికమానవులా, వారికి ముందటి జాతివారా అను విషయమున విద్వాంసులలో భేదాభిప్రాయములు నేటికిని కలవు. 2020లో సోన్ లోయలోని ధాబా అను చోట జరిపిన పరిశోధనయు బూడిదకు ముందు వెనుకల పనితీరు తెగలేదనియే తెల్పినది. జ్వాలాపురముననే మరియొక రాతిచరియ క్రింద సుమారు 35,000 సంవత్సరముల నాటినుండి చిన్నచిన్న రాతిపలుకుల పనిముట్లును, పూసలును లభించినవి. పూస కట్టుకొనవలెనను కోరిక ఆ లోయకు అంత పాతది.

ఈ విషయము తలచునప్పుడు ఒక సందేహము పొడచూపును. ఆ దినములలో జుర్రేరు లోయవారు ఏమి చూచియుందురు? ఆకాశమునుండి తెల్లని పొడి రాలుట, వాగునీరు పాలవలె మారుట, పశువులు మేయు గడ్డిపై గరుకు పొర పడుట. ఆ పొడి ఎక్కడనుండి వచ్చినదో వారికి తెలియదు. తెలియకయే వారు ఓర్చుకొని నిలిచిరి. కరవునకు ఓర్చు రాయలసీమ గుణమునకు ఇంతకన్న పాత సాక్ష్యము దొరకదు.

ఆ సాక్ష్యమే తరుగుచున్నది. బూడిదలోని గాజుపెంకులు మసిని గీకివేయును గనుక గిన్నెలు తోము పొడి చేయువారికి అది పనికివచ్చెను. లోయలో తెల్లపొరను త్రవ్వి, లారీలకెత్తి అమ్ముట ఏండ్లతరబడి సాగెను. పరిశోధకులు త్రవ్విన గుంతల సంఖ్యకన్న వ్యాపారమునకై త్రవ్విన గుంతల సంఖ్యయే హెచ్చు. దీనికి పల్లెవారిని నిందించుట న్యాయము కాదు. వాన నమ్మరాని చోట, చేనిక్రింద నున్నదానికి ఎవరైన ధర కట్టినచో రైతు కాదనుట ఎట్లు? దాని అసలు విలువ ఇది యని ఆతనికి ముందుగా చెప్పినవారెవరు? మరల పూడ్చుటకు వీలుకాని పుస్తకమిది. పంట పోయినచో మరుసటి యేడు వచ్చును. ఈ పొర పోయినచో మరల రావలెనన్న టోబాయే మరల బ్రద్దలు కావలెను. కొన్ని గజముల తెల్లపొరనైన కంచెవేసి కాపాడి, ప్రక్కన తెలుగులో నాలుగు మాటలు వ్రాసియుంచి, చూపువానిగా ఆ యూరివానినే నియమించినచో, నేలక్రింది సొమ్ము నేలమీద నిలిచియే ఊరికి కూడు పెట్టగలదు.

యాగంటి, బెలుము

జ్వాలాపురమునుండి యాగంటి కూతవేటు దూరమే. ఉమామహేశ్వరుని కోవెల, కొండలోనుండి ఎడతెగక పారి కోనేటిని నింపు నీటియూట, నానాట పెరుగుచున్నాడని చెప్పు బసవన్న, గుహలలోని సన్నిధులు. సున్నపురాయిలో వాననీరు లోనికి ఇంకి, బిలములవెంట నడచి, క్రింద ఎక్కడనో ఊటగా బయటపడును. ఎండకాలమున ఇంటిబండిలో తిరుగువానికి ఆ నీటిచప్పుడు విలువ తెలియును. రాత్రికి ఇక్కడ విడిది చేయుట సుఖము.

అటనుండి అవుకు మీదుగా కొలిమిగుండ్ల. పేరులో కొలిమి యున్నది గాని ఊరిక్రింద నున్నది సున్నపురాయియే. దారిపొడవున నాపరాళ్ల గనులు, రంపపుమిల్లులు కానవచ్చును. తెలుగిండ్లలో అరుగులకు, అలమరలకు, వంటగట్లకు పరచిన కడప బండలు ఈ శిలయే. కొలిమిగుండ్లకు దాపున బెలుము గుహలు. ఫూటు 1884లో వీనిని గూర్చి వ్రాసెను. 1982, 1983లలో జర్మనీదేశస్థుడైన గెబావరు తన బృందముతో లోనికి దిగి వీనిని కొలిచెను. మొత్తము పొడవు 3,229 మీటర్లు. ప్రజల దర్శనార్థము 2002లో దీపములు పెట్టి తెరచిరి. సుమారు ఒకటిన్నర కిలోమీటరు నడువవచ్చును. మిక్కిలి లోతైన పాతాళగంగ నేలమట్టమునకు 46 మీటర్ల క్రింద నున్నది. ఇవి నిప్పు చేసిన గుహలు కావు, నీరు చేసినవి. అగ్నిశిలల ప్రయాణమున వీనికి చోటేమనగా, రెండు విధముల శిలలను ఒకే దినమున చూచినవానికి భేదము మరల మరపునకు రాదు.

పులివెందుల నల్లగుట్టలు

తాడిపత్రి చేరి, పెన్నయొడ్డున బుగ్గ రామలింగేశ్వరుని గోపురములపై శిల్పములను చూచి, దక్షిణముగా తిరిగినచో నిజమైన అగ్నిశిలల ప్రదేశము వచ్చును. భూశాస్త్రజ్ఞులు కడప నదీక్షేత్రమని పిలుచు నెలవంక యాకారపు ప్రదేశము సుమారు 44,500 చదరపు కిలోమీటర్లది. విలియం కింగు 1872లో దీనిని గూర్చి పెద్ద గ్రంథము ప్రకటించెను. ఆదికాలమున ఇది ఆఴములేని సముద్రము. అందు ఇసుక, బురద, సున్నము పొరలుపొరలుగా చేరినవి. వేంపల్లె దాపున సున్నపుశిలలపై గుండ్రని, పొరలుగల ఆకృతులు, అడ్డముగా కోసిన ఉల్లిగడ్డవలెనో కోసుగడ్డవలెనో కనబడును. అవి ఆ సముద్రపు నీటిలో పెరిగిన సూక్ష్మజీవుల పరుపులు. అప్పటికి భూమిపై చెట్టులేదు, చేపలేదు.

ఆ ప్రశాంతసముద్రపు అడుగు పగిలి, శిలాద్రవము రెండు విధముల వెలువడెను. కొంత పైకి వచ్చి పరచుకొన్నది. వేంపల్లె దాపున అట్టి నల్లరాయిలో చిన్నచిన్న రంధ్రములుండి, వానిలో తెల్లని ఖనిజము నిండియుండును; అవి చల్లారునప్పుడు చిక్కుకొన్న ఆవిరిబుడగలు. మరికొంత పైకి రాలేక, ఉన్న పొరల నడుమ దూరి, అట్టుక్రింద అట్లకాడ జొప్పించినట్లు పరచుకొని గడ్డకట్టినది. పులివెందుల చుట్టునున్న నల్లని దొంతరగుట్టలలో ఈ విధమైన శిల ఉన్నది. దాని వయస్సును ఖనిజములోని యురేనియము, సీసముల పాళ్లనుబట్టి లెక్కించి, సుమారు 188 కోట్ల సంవత్సరములని నిర్ణయించిరి. జ్వాలాపురపు బూడిద నిన్నటిదియైనచో ఇది మన్వంతరముల నాటిది.

ఆ నిప్పు తగిలిన చోట రాయి మారినది. రొట్టెపెనమునకు తగిలిన వైపు పిండి మాడి గట్టిపడినట్లు, వేడిశిలకు తగిలిన సున్నపుశిల క్రొత్త ఖనిజముగా మారెను. బ్రాహ్మణపల్లె ప్రాంతమున దొరకిన రాతినార అట్లు ఏర్పడినదే. నూలుపోగులవలె విడివడు ఆ రాతిని ఒకప్పుడు త్రవ్వి తీసిరి. దాని ధూళి ఊపిరితిత్తులను చెరచునని పిమ్మట లోకమునకు తెలిసినది. చూచువారు పాతగుంతలవద్ద అట్టి రాతిని ముట్టి నలుపరాదు. పిల్లలను దగ్గరకు పోనీయరాదు.

వేంపల్లె దాపున పాపఘ్ని నది కొండను కోసికొని పారు గండియందు ఆంజనేయస్వామి గుడి కలదు. ఉత్తరమున, జమ్మలమడుగు వైపు తిరిగినచో పెన్న ఎఱ్ఱమల కొండలను కోసిన గండికోట. వజ్రవర్తకుడైన టావెర్నియే 1652లో మీర్ జుమ్లాను కలిసికొనుటకు ఇక్కడికి వచ్చెను. గండికోట శిలయు అహోబిలమువలె ఇసుకరాయి జాతియే. సాయంకాలమున ఆ గండి అంచున నిలిచినవారు శాస్త్రము మాట కొంతసేపు మరతురు. అంచున గోడలేదు, బండిని దూరముగా నిలిపి, పిల్లల చేయి పట్టుకొని పోవలెను.

మంగంపేట ముగ్గురాయి

కడపకు ఆగ్నేయముగా, ఓబులవారిపల్లె దాపున మంగంపేట కలదు. బేరియమును కలిగిన, తెల్లగా, బూడిదరంగుగా నుండు బరువైన రాతిని ఇక్కడివారు ముగ్గురాయి యందురు. ఒక్కచోట ఇంత రాశిగా ఆ ఖనిజము మరెక్కడను లేదని ప్రసిద్ధి. ఇదియు అగ్నిపర్వతపు కాన్కయే. ప్రాచీనసముద్రమున పడిన అగ్నిధూళియు, సముద్రపు అడుగునుండి వెలువడిన వేడినీటి ద్రావణములును కలిసి పొరలుగా ఏర్పడినది. భారతభూవిజ్ఞానశాఖ ఈ నిక్షేపమును జాతీయ భూవిజ్ఞానస్మారకముగా గుర్తించినది. చమురుబావులు త్రవ్వునప్పుడు లోపలి వాయువు ఎగదన్నకుండ బరువుకై పోయు బురదలో ఈ పొడి కలుపుదురు. అరబ్బుదేశపు చమురుబావి అడుగున మన కడపసీమ రాయి పనిచేయుచున్నదన్నమాట.

బండివారికి కొన్ని సూచనలు

ఈ ప్రయాణమునకు కార్తీకము మొదలు మాఘము దాకా తగిన కాలము. ఎండకాలమున రేకుబండి పెనమువలె కాగును. తొలకరి తరువాత రేగడినేలలో పెద్దబండి దిగబడును. అయిదు దినములు చాలును. ఏడైనచో తొందర లేకుండ చూడవచ్చును. పల్లెల తీగలు తక్కువ ఎత్తున నుండును గనుక బండి ఎత్తు కొలిచి తెలిసికొనియుండవలెను. విడిదికి గుడి ప్రాంగణమో, పర్యాటకశాఖవారి వసతి ఆవరణమో, పెట్రోలుబంకు ఖాళీస్థలమో అడిగి తీసికొనుట మర్యాద. ఒకరి చేనిలో అడుగక నిలుపరాదు. నీరు పొదుపుగా వాడవలెను: ఈ సీమలో మనము ఒక స్నానమునకు వాడు నీరు ఒక ఇల్లాలు ఎంతో దూరమునుండి మోసితెచ్చినదై యుండవచ్చును. వాడిన మురికినీటిని వాగులోనో, చెరువుగట్టుననో వదలుట పాపము.

బండిలో పొయ్యి యున్నను, వంట అన్ని పూటల చేసికొననవసరము లేదు. జొన్నరొట్టె, చెనక్కాయల పొడి, రాగిసంగటి, ఊరిమిండి దొరకు చోట ఆ ఊరివారికి నాలుగు డబ్బులు ముట్టునట్లు తినుట న్యాయము. చిన్న ఊళ్లమీదుగా పోయి, పెట్టెలో తెచ్చుకొన్న తిండి తిని, చెత్త మాత్రము అక్కడ పారవేసివచ్చుట యాత్ర అనిపించుకొనదు.

రాళ్లు ఏరుకొని తెచ్చుట పిల్లలకు సరదా. దారిప్రక్కన పడియున్న నల్లరాయి ముక్క యొకటి తెచ్చుకొన్నచో ఎవరికిని నష్టము లేదు. జ్వాలాపురమున మాత్రము చిటికెడు తెల్లమన్నైనను గోడనుండి గీకవలదు. అందు చిక్కిన రాతిపనిముట్టును పెకలింపవలదు. ఏ పొరలో ఏ వస్తువు ఉన్నదో, దాని స్థానమే దాని అర్థము. పెకలించిన రాయి వట్టి రాయి. స్థానమున నున్న రాయి 74,000 సంవత్సరముల నాటి యొక మనుష్యుని మాట. ఆ మాట వినదలచినవారు చేతులు కట్టుకొని, కన్నులు తెరచుకొని నిలువవలెను. చూచివచ్చిన పిమ్మట తమ యూరి పాఠశాలలో పిల్లలకు చెప్పవలెను. తెలిసినవారు పదిమంది యైనచో, ఆ తెల్లపొరపై పార వేయుటకు ముందు ఒక్కరైన వద్దని చెప్పుదురు.